తిప్పితే వచ్చే నీళ్లు

మా అక్క మొగుణ్ణి నేను బావ అంటే, ఊరంతా కలిసి కుళాయి బావను చేశారు. ఊరి నీళ్ల పంపు చూసుకోవడం ఆయన ఉద్యోగం. పంపు ఎండిపోయి చాలాకాలమైనా ఉద్యోగం మాత్రం ఎండలేదు. తాత్కాలిక కొలువు కాబట్టి ఎప్పుడైనా పొమ్మనవచ్చు. ఆ భయంతో ఆయన ఎవరికీ ఎదురు చెప్పడు.

ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గొట్టాలు పూడ్చారు, గోడలకు కుళాయిలు బిగించారు. నీళ్లెక్కడివో ఉత్తర్వులో రాయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మేం తాగేది ఇప్పటికీ ట్యాంకరు నీళ్లే.

ఒకనాడు పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడనీ, ఒక్క ఇంట్లోనైనా నీళ్లు పడాలనీ ఇంజనీరు బావతో చెప్పాడు. పడకపోతే పంపుకు మనిషెందుకని కూడా అన్నాడట. బావ తన డాబా మీద డ్రమ్ము పెట్టి, గొట్టంతో గోడ కుళాయికి కలిపాడు. అక్క దాచుకున్న నీళ్లన్నీ బిందెలతో పైకి మోసి డ్రమ్ము నింపాడు. అక్క అడ్డుపడితే, ఈ ఒక్కపూట ఓర్చుకోమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆఫీసరు ఇంజనీరుతో కలిసి వచ్చి కుళాయి తిప్పాడు. చేతులు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, ఫోటో తీయించుకున్నాడు. కుళాయి మాత్రం కట్టేయలేదు. మురుగులోకి పోతున్న నీళ్లను చూస్తూ అక్క నిలబడిపోయింది.

"రోజూ ఇలాగే వస్తాయా అమ్మా?" అని అక్కను అడిగాడు ఆఫీసరు.

ఇంజనీరు బావనే చూస్తున్నాడు. రావని చెబితే ఇంట్లో పొయ్యి వెలగదని అక్కకు తెలుసు.

"వస్తాయండీ," అంది.

ఆఫీసరు పొంగిపోయాడు. ఇన్ని నీళ్లుండగా ట్యాంకరు దండగని, రేపటినుంచి ఆపేయమని అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ కబురు డ్రైవరుకు చెప్పిరావడానికి బావనే పంపారు. ఆయన కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. దారిలో ఎవరెవరు తిట్టారో బావ చెప్పబోయాడు. ఆమె వినలేదు.

"మీ ఉద్యోగం కోసం నీళ్లున్నాయన్నాను. రేపు పిల్లలకు దాహమేస్తే కుళాయి తిప్పుకోమంటారా?"

బావ నా వంక చూశాడు. మా ఇంట్లో మాత్రం ఏముంది, ఒట్టి కుళాయే.