మూకుడు దించిన చోటు

మా పెద్ద తోడికోడలు పోయిందని బావగారు ఫోన్ చేసినప్పుడు నేను వంటగట్టు తుడుస్తున్నాను. ఏడుపొచ్చింది. దాని వెనకే, ఇక ఆవిడ వంటింటిని ఎవరూ మెచ్చుకోరు కదా అన్న ఆలోచనా వచ్చింది. సిగ్గుగానే ఉంది. కానీ ఇరవై ఏళ్లు ఆవిడను చూసి కుళ్లుకున్నదాన్ని, ఇప్పుడు మంచిదాన్నని రాసుకుంటే మీరు మాత్రం నమ్ముతారా?

చిలకలూరిపేటలో మా రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. ఇల్లు కట్టుకున్నప్పుడు ఆవిడ స్వయంగా ఒంగోలు వెళ్లి వెండి చుక్కల నల్ల గ్రానైట్ పలక ఎంచుకుంది. ముందు దాని మీద నిమ్మచెక్క పిండి, నూనె చుక్కేసి, అక్కడే కూర్చుని తాపీగా టీ తాగిందట. మరక పడలేదని తేలాకే బేరం. మా ఇంటికొచ్చిన చుట్టాలు కూడా పక్కింటికెళ్లి ఆ గట్టు నిమిరి వచ్చేవారు. నాకు ఒళ్లు మండేది.

అందుకే మా వంటిల్లు మార్చినప్పుడు మంగళగిరి దాకా వెళ్లి మరీ తెల్లటి క్వార్ట్జ్ తెచ్చాను. రాతిపొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో పోసే పలక అది. ఎక్కడ చూసినా ఒకటే రంగు, నీళ్లు పీల్చదు.

"గ్రానైట్ పాతబడిపోయిందక్కా" అన్నాను.

ఆవిడ అరచెయ్యి ఆనించి చూసింది. "నున్నగా బాగుందే. వేడి మాత్రం తగలనీయమాక, దీంట్లో జిగురుంటదంట."

ఓర్వలేక అందనుకున్నాను.

మా ఇళ్లల్లో గారెల మూకుడు పొయ్యి మీంచి దించి నేరుగా గట్టు మీదే పెడతాం. "మూకుడు దించుకోను చోటు లేకపోతే అది వంటిల్లెట్టా అవుద్దే?" అనేది ఆవిడ. ఉగాదికి అలవాటుకొద్దీ నా కొత్త గట్టు మీదా అలాగే దించేశాను. తీసి చూస్తే గుండ్రటి పసుప్పచ్చ మచ్చ. ఎంత రుద్దినా పోలేదు. హాలు నిండా చుట్టాలు. ఆవిడ ఒక్కతే చూసింది.

నవ్వుతుందనుకున్నాను. గబగబా వాళ్లింటికెళ్లి, పండుమిరప పచ్చడి జాడీ తెచ్చి మచ్చ మీద పెట్టింది.

"ఇదిక్కడే ఉండనీ. ఎవరన్నా అడిగితే అక్క ఇచ్చిందని చెప్పు."

జాడీ ఖాళీ అయినప్పుడల్లా ఆవిడే నింపేది. మచ్చ సంగతి చివరిదాకా ఎవరితోనూ అనలేదు. అనుంటే బాగుండేది, మనసారా తిట్టుకునేదాన్ని. రాయిలోనూ ఆవిడే గెలిచి, గుణంలోనూ ఆవిడే గెలిస్తే ఎవరికి కుళ్లు పుట్టదు?

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ కోడలు వచ్చింది.

"చిన్నత్తయ్యా, ఆ నల్లరాయి పీకించేసి మీలాగా తెల్లది వేయిద్దామనుకుంటున్నాం. మీ వంటిల్లే బాగుందండి."

ఇరవై ఏళ్లుగా నేను వినాలనుకున్న మాట! ఎంత తీపిగా ఉందో చెప్పలేను. అయినా ఆ అమ్మాయిని గట్టు దగ్గరకు తీసుకెళ్లి, రెండు చేతులతో జాడీ ఎత్తాను.

"ఇదేంటండీ?"

"నేను మూకుడు దించిన చోటు. మీ అత్త గట్టంతా వెతుకు. ఇట్టాంటిది ఒక్కటి కనపడితే పీకించుకో."

నల్లరాయి అక్కడే ఉంది. వచ్చినవాళ్లు దాన్ని ఇంకా నిమురుతూనే ఉన్నారు, నాకు ఒళ్లు మండుతూనే ఉంది. జాడీని మాత్రం నేను మళ్లీ మచ్చ మీద పెట్టలేదు, పక్కనే ఉంచాను. ఈ ఏడు ఆవిడ నింపిన పచ్చడి అడుగున ఇంకా బెత్తెడుంది. అందులో గరిటె పెట్టడానికి చెయ్యి రావడం లేదు.