రెండు పాయింట్ ఒకటి సైజు గాజు

2023 చివర, పెళ్లిళ్ల సీజన్ మొదలవుతున్న రోజులు. హుస్సేనీ ఆలంలో ఒక హోమియో క్లినిక్ పైన మా ఆఫీసు. పాతబస్తీ దుకాణాలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం మా పని. పెద్ద కంపెనీలు వదిలి ఇక్కడెందుకని అడిగేవారికి నా జవాబు ఒకటే: దేవుడు నన్ను పుట్టించిన చోటే పని కూడా చూపించాడు. ఇంట్లో పాడి, శనివారం సాయంత్రం భజన మండలిలో పారాయణం, మిగతాదంతా కోడింగ్.

అప్పుడు నేను రస్ట్ అనే కొత్త కోడింగ్ భాష నేర్చుకుంటున్నాను. రస్ట్ అంటే తుప్పు, మా బస్తీ మాటలో జంగు. దాని కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్, మహా మొండిది. తప్పు కనిపిస్తే ముందుకు కదలదు. నా స్క్రీన్ మీది ఎర్ర గీతలు పక్క సీటు శ్రీకాంత్‌కు రోజూ వినోదం.

"ఏంది సుజాతక్కా, పొద్దుగాల నుంచి తిట్లు తింటనే ఉన్నవ్? జంగు అని పేరు పెట్టుకున్న భాష మంచిగ మాట్లాడ్తదా?"

"మా మండలిల గూడ గిట్లనే. ఒక్కరు తప్పు పలికితే అందరం ఆగి, ఆ శ్లోకం మళ్ల మొదటి నుంచి చదువుతం."

"అందుకే మీ ప్రసాదం మా దాక వచ్చేసరికి సల్లారిపోతది."

ఒక శనివారం పొద్దున ఖలీల్ భాయ్ మెట్లెక్కి వచ్చాడు. లాడ్ బజార్‌లో లక్క గాజుల వ్యాపారి. ఆయన దుకాణం యాప్‌ను వేరెవరో రాశారు, బాగోగులు మాకు అప్పగించాడు. జేబులోంచి ఎర్ర గాజుల జత తీసి నా బల్ల మీద పెట్టాడు.

"బార్కస్ బస్తీల పెండ్లిపిల్ల గాజులు ఇవి. రెండు-పది రాయించిన. కార్ఖానాల రెండు-రెండు చేసిన్రు. చేతికి ఎక్కుతలేవు. వాళ్లమ్మ దుకాణంల కూసోని ఏడ్చింది, బేటీ."

"కార్ఖానా వాళ్లేమంటున్రు భాయ్?"

"వాళ్ల ఫోన్ల రెండు పాయింట్ ఒకటి అని వచ్చిందట. గసొంటి సైజే లేదాయె, దగ్గరిది చేసిన్రు. ఇవి మళ్ల చేపిస్త, ఫికర్ లేదు. కానీ సోమవారం సీజన్ మాల్ మొత్తానికి లక్క కరగబెడ్తరు. ఇంకెన్ని పెళ్లిళ్లకు గిట్లయితదో నాకెట్ల ఎరుక? ఆ లోపల సక్కగ చెయ్యకుంటే మీ కంప్యూటర్ మీరే తీస్కపోండ్రి."

రెండు-పది అంటే రెండంగుళాల పది అణాలు. బజారు కొలతలో అంగుళానికి పదహారు అణాలు. పాత కోడ్ దాన్ని 2.10 అనే మామూలు సంఖ్యగా దాచింది. సంఖ్యలో ఆ చివరి సున్నాకు విలువ లేదు కనుక కంప్యూటర్ దాన్ని వదిలేసింది. మిగిలింది 2.1. నాకు వెంటనే తట్టింది, ఎందుకంటే నా చేయి కూడా రెండు-పదే. బర్రెల పాలు పితికి పెరిగిన చేతులు. దసరాకు ఖలీల్ భాయ్ దుకాణానికే వెళితే, కౌంటర్ మీది స్క్రీన్ చూసి "మీ సైజు లేదమ్మా" అని పంపేశారు.

ఆయన వెళ్లగానే శ్రీకాంత్ లేచాడు. "అల్కగ అయితది అక్కా. 2.1 వచ్చిన కాడ 2-10 అని చూపిద్దాం. ఖతం. చాయ్ తాగొద్దాం పా."

"ఇంకెక్కడెక్కడ తప్పుందో నీకు ఎరుకనా?"

"నీకు ఎరుకనా మరి?"

"నాకు గాదు. నన్ను తిట్టేదానికి ఎరుకైతది."

రస్ట్‌లో గాజు సైజుకు ఒక టైప్ రాశాను. టైప్ అంటే ఒక విలువ ఏ జాతిదో ముందే తేల్చి చెప్పడం. ఇది సంఖ్య కాదు, ఇందులో అంగుళాలు వేరు, అణాలు వేరు అని చెప్పాను. పాత కోడ్‌ను భాగం తరవాత భాగం అందులోకి మార్చుతూ పోయాను. సైజును సంఖ్యగా వాడిన ప్రతిచోటా కంపైలర్ ఆగింది.

సాయంత్రం సంచీ సర్దుకుంటే శ్రీకాంత్ నోరు తెరిచాడు. "గింత లొల్లిల గూడ భజనకా?"

"గింత లొల్లి ఉందనే."

ఆ రోజు పారాయణంలో తప్పు పలికింది నేనే. అందరూ ఆగారు, నా కోసం శ్లోకం మొదటికి వచ్చారు. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ నన్ను దాటి పోలేదు. దేవుడి ముందు అలా ఆగడం కూడా పూజే అని నా నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం కంపైలర్ ఇంకో వాక్యం దగ్గర ఆగింది. అది కౌంటర్ స్క్రీన్ కోడ్. పెద్దవాళ్ల గాజుల మధ్య పిల్లల గాజులు రాకుండా, 2.2 కంటే చిన్నవి దాచమని అందులో ఉంది. కంప్యూటర్ లెక్కలో రెండు-పది, అంటే 2.1, దానికంటే చిన్నదే. రెండు-పన్నెండు కూడా అంతే. పెద్ద చేతుల ఆడవాళ్ల సైజులు స్క్రీన్ మీద ఎన్నడూ కనిపించనేలేదు. శ్రీకాంత్ చెప్పిన మార్పుతో కార్ఖానా బాగుపడేది, ఈ తప్పు మాత్రం అలాగే మిగిలేది.

సోమవారం లక్క కరిగే వేళకు కార్ఖానా ఫోన్‌లో "రెండంగుళాలు, పది అణాలు" అని విడివిడిగా వచ్చింది. సీజన్ మాల్‌లో ఒక్క సైజూ తప్పలేదు. మళ్లీ చేసిన గాజులు బార్కస్ పెళ్లికూతురి చేతికి సాఫీగా ఎక్కాయని ఖలీల్ భాయే ఫోన్ చేసి చెప్పాడు. దుకాణానికి వెళ్లి దాచిన సైజుల సంగతి, దసరాకు నేను వట్టి చేతులతో తిరిగిపోయిన సంగతి చెబితే, తల పైకెత్తి అరలోంచి రెండు-పది ఆకుపచ్చ గాజులున్న దుమ్ము పట్టిన పెట్టె దించాడు.

"యా అల్లా! దసరాకు నువ్వొచ్చిననాడు ఇది నా నెత్తి మీదనే ఉండె గదా!"

ఇప్పుడు నా చేతికున్న ఆ ఆకుపచ్చ గాజులు ఇది రాస్తుంటే కీబోర్డ్ మీద చప్పుడు చేస్తున్నాయి. తప్పు దగ్గర ఆపేవాళ్లు ఆలస్యం చేస్తున్నట్టు కనిపిస్తారు. నిజానికి వెనకబడ్డవాళ్లను కలుపుకుపోయేది వాళ్లే. మండలిలో నేర్చుకున్న ఈ మాటే నా వృత్తిలో కూడా పనికొచ్చింది.

శ్రీకాంత్ ఇప్పుడు రస్ట్ నేర్చుకుంటున్నాడు. "పొద్దుగాల నుంచి తిడ్తనే ఉంది అక్కా" అంటాడు.

"మొదటి నుంచి చదువు" అంటాను.