రోకలి పడేదాకా

మా చిన్నప్పుడు గ్రహణం ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుస్తుందో రేడియో చెప్పేది... మా అవ్వ మాత్రం రోకలినే నమ్మేది.

ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి, మధ్యలో రోకలిని నిలబెట్టేవాళ్ళు. గ్రహణం ఉన్నంతసేపూ అది నిలబడుతుందని, విడవగానే దానంతటదే పడిపోతుందని నమ్మకం. మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆత్మకూరు దగ్గర మా ఊరు. మట్టి మిద్దె. ఇంట్లోకి వెలుగంతా కప్పులో ఉన్న గవాచిలోంచే వచ్చేది. నాకు పదేళ్ళప్పుడు, శివరాత్రి వెళ్ళగానే వచ్చిన అమావాస్యనాడు సంపూర్ణ సూర్యగ్రహణం. వారం ముందునుంచీ పేపర్లో, రేడియోలో అదే వార్త... చూస్తే కళ్ళు పోతాయని. పట్టపగలే చుక్కలు కనిపిస్తాయని కూడా అన్నారు. నాకు ఆ రెండోదే చెవికెక్కింది.

అప్పుడు మా చిన్నమ్మకు, అంటే మా చిన్నాయిన భార్యకు, ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి చంద్రగ్రహణం నాడు వంకాయలు తరగడం వల్లనే అని అవ్వ గట్టి నమ్మకం. చిన్నాయిన పనికోసం బొంబాయి పోయి ఉన్నాడు. ఈసారి బిడ్డను దక్కించుకునే భారమంతా అవ్వ తన నెత్తినే వేసుకుంది.

మధ్యాహ్నమే తలుపులు వేయించి, గవాచి మీద బండ కప్పించింది. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది. చిన్నమ్మను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దంది. ఒళ్ళు గోక్కోకూడదు, కాలు ముడవకూడదు, మంచినీళ్ళు తాగకూడదు. నాయిన, అమ్మ గోడకు ఆనుకుని కూర్చున్నారు. నాకు రోకలి కాపలా.

దీపం పొగ... ఉక్క... బయట పిట్టలన్నీ ఒక్కసారిగా అరిచి ఊరుకున్నాయి. నేను చూసిన సంపూర్ణ గ్రహణం అంతే.

చాలాసేపటికి నాయిన రేడియోను చెవికి ఆనించుకుని విని, విడిచిందట, తలుపు తీద్దామన్నాడు. అవ్వ తాంబాళం వైపు చూసింది. రోకలి నిటారుగా నిలబడే ఉంది.

"రేడియకేమన్న కడుపున్నదా? నా కోడలికున్నది," అంది.

నాయిన రేడియో కట్టేశాడు. రెండుసార్లు పోగొట్టుకున్న ఇంట్లో ఆయన మాత్రం ఏమని వాదిస్తాడు...

అడుగున చదునైన ఇనప కట్టు, అదే పొన్ను, ఉన్న రోకలి సరిగ్గా నిలబెడితే ఏ రోజైనా నిలబడుతుంది. అది అప్పుడు మాకెవరికీ తట్టలేదు. బయట బిందెల చప్పుడు... జనం స్నానాలు చేస్తున్నారు... ఎవరో నవ్వుతున్నారు. ఊరందరికీ విడిచిన గ్రహణం మా ఒక్క ఇంటికే విడవలేదు. నాకైతే ఊపిరి సలపలేదు. ఆ తలుపు మీద పడి బాదాలనిపించింది.

చిన్నమ్మ పెదవులు ఎండిపోయాయి. కళ్ళు మాత్రం నావైపు తిప్పి, అవ్వకు వినపడకుండా అంది.

"బుజ్జీ, కాలు గుంజుతాంది... నాతోని అయితలేదే."

కన్నీళ్ళు చెవుల్లోకి జారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

అవ్వ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. నేను కాలి బొటనవేలితో తాంబాళాన్ని తోశాను...

రోకలి దబ్బున పడింది. "ఇడిసింది" అంటూ అవ్వ తలుపు తీసింది. అప్పటికి పొద్దు గూకుతోంది. ముందు స్నానం చెయ్యమని అవ్వ అంటున్నా వినకుండా చిన్నమ్మ చెంబెడు నీళ్ళు గటగటా తాగింది.

నా అసలు జైలు మర్నాటి నుంచి మొదలైంది. పుట్టే బిడ్డకు పెదవి చీలినా, ఒక వేలు తక్కువైనా నేను తోసినందుకే... ఎవరికి చెప్పుకోను? రెండు నెలలు చిన్నమ్మ దగ్గినా ఉలిక్కిపడేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. బయటకు తేగానే పెదవులు చూశాను. వేళ్ళు లెక్కపెట్టాను, రెండుసార్లు. అన్నీ ఉన్నాయి. ఏడ్చేశాను.

అవ్వ మాత్రం కనిపించిన వాళ్ళందరికీ అదే చెప్పింది. "రోకలి పడేదాంక తలుపు తియ్యలే. గందుకే దక్కింది." నేను నోరు తెరవలేకపోయాను. ఆ తర్వాత మా వాడకట్టులో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళు రోకలి పడేదాకా కట్టెల్లా పడుకున్నారో... ఆ పాపం నాదే.

పదిహేనేళ్ళకు మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. ఈసారి చాప మీద నేను... పురుటికి పుట్టింటికి వచ్చి ఉన్నాను. విడిచిందని టీవీ చెప్పింది. కళ్ళు సరిగా ఆనని అవ్వ, రోకలి పడ్డదా అని అడిగింది. పడలేదన్నారు. కాలు గుంజడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అంతలో చిన్నమ్మ లేచి, నీళ్ళకుండ వైపు పోతున్నట్టుగా పోతూ తాంబాళాన్ని కాలితో తోసింది. చప్పుడు విని అవ్వ "ఇడిసింది" అంది. నన్ను లేపి కూర్చోబెడుతూ చిన్నమ్మ చెవిలో అంది.

"గప్పుడు నేను సూడలేదనుకున్నవా?"

ఆనాడు నా కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు తనే కడుపుతో ఉంది, ఆరో నెల. హైదరాబాద్‌లో ఉద్యోగం. మొన్న గ్రహణం రోజు ఫోన్ చేసింది. ఆఫీసుకు పోవాలట, పోవద్దని ఫోన్లో ఏవేవో వస్తున్నాయట, ఏమంటావని. ఇక్కడ టీవీలో పొద్దుటినుంచీ రోకళ్ళు నిలబెట్టి చూపిస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో రేడియో తలుపు తియ్యమనేది... ఇప్పటి వార్తలు అవ్వను మించి తలుపులు వేయిస్తున్నాయి.

అవన్నీ వట్టివే, పోవే అనాల్సింది. రెండుసార్లు రోకలి ఎలా పడిందో తెలిసినదాన్ని. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఇది...

"ఎందుకైనా మంచిది బిడ్డా... ఇయ్యాల ఇంట్లనే ఉండు."

ఆ మిద్దె కూలి ఎన్నేళ్ళయిందో... ఆ తలుపు మాత్రం నేనింకా తియ్యనేలేదు.

మీ ఇళ్ళల్లో రోకలి దానంతటదే పడేదా... ఎవరైనా తోసేవాళ్ళా? ఇప్పటికైనా నిజం చెప్పండి.