ఎటు పోతదని అడగాలె

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక్కటే బస్సు. పొద్దు పొడవక ముందే దేవరకొండ నుంచి వచ్చి, మా ఊరు దాటి ఇంకో రెండు ఊళ్లు పోయి, ఆఖరి ఊళ్లో మళ్లుకొని అదే దారిన తిరిగి వచ్చేది. దేవరకొండ పోవాల్సిన వాళ్లెవరూ అది తిరిగొచ్చేదాకా ఆగేవాళ్లు కాదు. అటు పోయేటప్పుడే ఎక్కి, డ్రైవరు చాయ్ తాగేదాకా ఆఖరి ఊళ్లో బస్సులోనే కూర్చునేవాళ్లు. అట్లయితేనే సీటు. తిరుగుదారిలో ఎక్కితే నిలబడటానికి కూడా జాగా ఉండదు. బస్సు ముఖం ఎటున్నా ముందు ఎక్కి కూర్చోవడమే మా ఊరి తెలివి. అందులో తప్పు ఉంటుందని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. పంచాయతీ ఆఫీసు వెనక గదిలో చిన్న గ్రంథాలయం ఉండేది. రెండు బీరువాలు, ఒక బల్ల. ఆ రెండు బీరువాల్లో నేను చదవని పుస్తకం లేదని చెప్పుకునేదాన్ని. వ్యవసాయం మీద కరపత్రాలు కూడా వదల్లేదు. హైదరాబాదు మీద అట్ట ఊడిపోయిన గైడు ఒకటి ఉండేది. పట్నం ఎన్నడూ చూడకుండానే దాని వీధులు, బస్సు నంబర్లు నాకు నోటికి వచ్చు. ఎవరైనా పట్నం పోయి వస్తే వాళ్లకే దారులు చెప్పబోయేదాన్ని. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, నేను మాత్రం ఆపేదాన్ని కాదు.

ఆ ఏడు మా అవ్వకు కుడి కన్ను పోటు మొదలైంది. అవ్వ అంటే మా నాయిన తల్లి. ముందు పసరు పోసుకుంది, తర్వాత గుడ్డ కట్టుకుంది. చివరికి దేవరకొండ డాక్టరు చూసి, కంట్లో ఒత్తిడి పెరిగింది, ఇట్లాగే వదిలేస్తే చూపు పోతుంది, పట్నంలో కండ్ల దవాఖానకు వెంటనే తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు. అక్కడ ఆ జబ్బు చూసే పెద్ద డాక్టరు బుధవారమే కూర్చుంటాడు. పేరు రాసుకునే కిటికీ పన్నెండు గంటలకు మూస్తారు. ఆ బుధవారం నాయిన బావి పూడిక పనికి ఒప్పుకొని ఉన్నాడు. అమ్మ పచ్చి బాలింత. నేను తీసుకుపోతానన్నాను.

"పట్నమంటే దేవరకొండ అంగడి గాదు బిడ్డా, తప్పిపోతరు" అన్నాడు నాయిన.

"నాకన్ని తెల్సు నాయినా. బస్సులు గూడ రాసుకున్న."

అవ్వ కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొనే నవ్వింది. "అది నన్ను తీస్కపోతదో, నేను దాన్ని తీస్కపోతనో పోయినంక తెలుస్తది. నువ్వు పనికి పోరా."

తెల్లవారక ముందే అటు పోయే బస్సెక్కి సీటు పట్టుకున్నాం. దేవరకొండలో మారి, పది దాటుతుండగా గౌలిగూడ బస్టాండులో దిగాం. పెద్ద పీపాను నిలువునా కోసి బోర్లించినట్టున్న ఆ రేకుల కప్పు కింద బస్సుల చప్పుడు, అరుపులు, పొగ. పొద్దుటి నుంచి మడిచి కూర్చున్న కాళ్లు తిమ్మిరెక్కాయి. అవ్వకు అంతా మబ్బు పట్టినట్టు కనబడుతోంది. నా మణికట్టు గట్టిగా పట్టుకొని, నా అడుగులో అడుగు వేస్తూ వచ్చింది.

"ఎవర్నన్న అడుగరాదే" అంది.

"బోర్డులు చదువుతున్న గదా అవ్వా."

"సదువుతవ్ బిడ్డా, సదువుతవ్."

అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సు నేను రాసుకున్న నంబరుదే దొరికింది. లకిడీకాపూల్‌లో దిగి రెండో బస్సు ఎక్కాలి. దిగినప్పుడు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. గైడులో ఉన్నది ఉన్నట్టే నా కళ్ల ముందుకు వచ్చింది కదా. కానీ మేం దిగిన చోట నీడ లేదు. ఎండ తగిలి అవ్వ కంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. రోడ్డుకు అవతల స్టాపులో నీడ ఉంది. అవ్వను దాటించి అక్కడ నిలబెట్టాను. అయిదు నిమిషాల్లో మా నంబరు బస్సే వచ్చింది. పక్కన బోర్డు మీద రెండు ఊళ్ల పేర్లున్నాయి, అందులో ఒకటి దవాఖాన ఉండే చోటు. పైగా సీట్లు ఖాళీ! ఇంకేం కావాలి? ఎక్కేశాం. దవాఖాన ఆఖరి స్టాపు పక్కనేనని గైడులో ఉంది. కండక్టరు ఎక్కడికని అడిగితే, తెలిసినదానిలా "ఆఖరిదాకా, రెండు" అన్నాను.

అవ్వ కిటికీకి తల ఆనించి కునికింది. నాకు కూడా కళ్లు మూతపడ్డాయి. కండక్టరు రాడ్డు మీద టికెట్ల పెట్టె కొట్టిన చప్పుడుకు లేచాను.

"ఓ అవ్వా, దిగుండ్రి. ఆఖరి స్టాపు."

కిటికీలోంచి చూస్తే వరసగా బస్సులు, మట్టి మైదానం, పండ్ల బండ్లు. "దవాఖాన ఏది?" అన్నాను.

"ఏ దవాఖాన?"

"కండ్ల దవాఖాన."

కండక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అది అటు కొసకు, నువ్వొచ్చింది ఇటు కొసకు. రోడ్డుకు అవతల ఎక్కాలె గదనే!"

నా చెవులు వేడెక్కాయి. అయినా మా ఊరి తెలివి నన్ను వదల్లేదు. "ఏం కాదు, దీంట్లనే కూసుంటం. మల్ల తిరిగి పోతది గదా" అన్నాను.

"ఈ బండి డిపోకు పోతది. ఆడ కండ్లు జూడరు, టైర్లు జూస్తరు. దిగు దిగు."

అప్పటికే పదకొండు దాటింది. అవ్వను దించి, మైదానంలో ఏ బస్సు దగ్గరికి పోవాలో తెలియక నిలబడిపోయాను. బోర్డులు సగం ఇంగ్లీషులో, సగం చెరిగిపోయి. చదవగలిగిన పేర్లకు కూడా అర్థం లేకుండా పోయింది. పక్కన బస్సుకు ఆనుకొని ఒకాయన నిలబడి ఉంటే, జీవితంలో మొదటిసారి దారి అడిగాను. "ఇది కండ్ల దవాఖాన దిక్కు పోతదా?"

"హా హా" అని తల ఊపాడు.

నేను మెట్టు మీద కాలు పెట్టాను. అవ్వ నా చెయ్యి వెనక్కి గుంజింది. ఆయన గొంతు వచ్చిన దిక్కుకు మొఖం తిప్పి, "బిడ్డా, ఈ బస్సు యాడికి పోతది?" అంది.

"సికింద్రాబాద్ పోతది పెద్దమ్మా."

"మరి గిప్పుడే మా పిల్ల అడిగితె హా అంటివి?"

ఆయన నిజంగానే తికమక పడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏమడిగిందో ఇనలే పెద్దమ్మా. రాత్రి డ్యూటీ చేసి వస్తున్న. తప్పైంది" అన్నాడు.

అవ్వ నన్ను పండ్ల బండి నీడకు తీసుకుపోయి, కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఆమె చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది.

"మనం పోయే జాగ ముందుగల్ల చెప్పొద్దు బిడ్డా. పోతదా అంటె హా అంటరు. మోసం జెయ్యనీకె గాదు, అలిసిపోయి. హా అంటె పని అయిపోతది. ఎటు పోతదని అడుగు. గప్పుడు ఆళ్లు ఆలోశించి జెప్పాలె."

నందికొండ దగ్గర డ్యాం కట్టే రోజుల్లో అవ్వ అక్కడ రాళ్లు మోసింది. వేల మంది కూలీలు, ఎక్కడెక్కడి మనుషులో, ఎన్నో భాషలు. పొద్దున ఏ గుంపుతో ఏ పనికి పోవాలో తెలియని ఆ జాతరలో, ఒక్క అక్షరం రాని మనిషి నేర్చుకున్న విద్య అది. ఒక్కసారి తప్పుడు గుంపు వెంట పోయి మూడు మైళ్లు నడిచి తిరిగొచ్చిందట. ఆ తర్వాత ఎన్నడూ తప్పిపోలేదట. రెండు బీరువాల పుస్తకాల్లో ఈ మాట నాకు ఎక్కడా కనబడలేదు.

తర్వాత అవ్వ నన్ను చుట్టూ చూడమంది. "చంకల పిల్లనో, చేతుల డబ్బనో ఉన్న ఆడమనిషిని సూపెట్టు. అసుంటోళ్లకు పోయే జాగ ఎరుకుంటది." నేను చూపించాను. అవ్వ ఆమె దగ్గరికి పోయి, "యాడికి పోతున్నవ్ బిడ్డా?" అంది. ఆమె వేరే దిక్కు. ఇంకో ఆమె కూడా వేరే దిక్కే. మూడో ఆమె తన చోటు చెప్పగానే, అది మా దారిలోదేనని నాకు గైడులోంచి గుర్తొచ్చింది. అవ్వ చెవిలో చెప్పాను. "జర మమ్ముల దవాఖాన కాడ దింపించు తల్లీ" అంది అవ్వ. ఆ తల్లి మమ్మల్ని తనతో ఎక్కించుకొని, గేటు ముందు దింపి, తను అదే బస్సులో ముందుకు పోయింది.

లోపలికి పోయేసరికి పన్నెండున్నర. కిటికీ చెక్క వేసేశారు. కింద నేల తడిపి తుడుస్తున్న ఆయా, "పెద్ద డాక్టరు మల్ల బుధవారమే అవ్వా. జర జల్ది రావాలె" అంది. మెల్లగానే చెప్పింది. ఆమె కసిరినా నాకు నయంగా ఉండేది.

వరండాలో గోడకు ఆనుకొని తెచ్చుకున్న జొన్న రొట్టెలు తిన్నాం. నాకు దిగలేదు. అవ్వ తన వాటా మొత్తం తిని, నాది కూడా సగం తిన్నది. ఇక లేచి పోదామన్నప్పుడు గోడ పట్టుకొని లేవడానికి ఆమెకు రెండుసార్లు పట్టింది.

తిరుగు ప్రయాణంలో దేవరకొండ బస్సులో అవ్వ కుడి కంటికి కొంగు అదుముకొని కూర్చుంది. ఇబ్రహీంపట్నం దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, నీ కన్నుకు ఏం గాదు గదా?"

"ఏం గాదు బిడ్డా" అంది వెంటనే.

ఇంట్లో నాయిన అడిగితే, జనం శాన ఉండె, మన దాకా రాలేదని ఒక్క మాటలో తేల్చేసింది. నేను నోరు విప్పలేదు. మరుసటి బుధవారం నాయిన తీసుకుపోయాడు. ఎడమ కన్ను నిలబడింది. కుడి కన్ను నిలబడలేదు. అది చాలా రోజుల కిందనే పోయింది, ఒక వారం ముందొచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరు చెప్పాడని నాయిన అన్నాడు. డాక్టరును నాయిన ఏమని అడిగాడో, ఎట్లా అడిగితే ఆ జవాబు వచ్చిందో నాకు తెలియదు.

తర్వాత నా బతుకంతా పట్నంలోనే గడిచింది. ఎన్ని స్టేషన్లు, ఎన్ని బస్సులు మారానో లెక్క లేదు. ఇప్పటికీ ఎక్కేముందు ఎటు పోతదనే అడుగుతాను. దవాఖానలో నా కాగితాలు చూసే డాక్టరును కూడా ఏం లేదు కదా అని అడగను, ఏముందని అడుగుతాను. చాలాసార్లు ఆ జవాబు వినడానికి ఒంట్లో ఓపిక ఉండదు, అయినా అట్లాగే అడుగుతాను.

అవ్వ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఆ తొమ్మిదేళ్లలో ఎన్నో సాయంత్రాలు ఆమె పక్కన కూర్చొని గ్రంథాలయం పుస్తకాలు చదివి వినిపించాను. నీకిప్పుడు ఎంత కనబడుతుంది అవ్వా అని మాత్రం ఒక్కనాడూ అడగలేకపోయాను.