రెండో పైసా

నిర్మల్‌లో బస్సెక్కి కూర్చోగానే రుమాలు విప్పి రెండు రాగి పైసలు చూసుకున్నాను. నడుమ చిల్లున్న పాత పైసలు. దిష్టి తగలకుండా మా అవ్వ ఒకటి నా మొలతాడుకు, ఇంకొకటి తమ్ముడి మొలతాడుకు కట్టింది. ముందురోజు అవ్వ ఇంట్లో ఒకదాన్ని చింతపండు, ఉప్పు వేసి తోమితే కొత్తదానిలా మెరిసింది. రెండోది నల్లగానే ఉంది.

పక్క సీటులోని బురఖా పెద్దావిడ వంగి చూసింది.

"గిదేంది బిడ్డా, ఒకదానికే తానం పోసినవ్?"

"చింతపండు అయిపోయిందమ్మా. ఇంటికి పోయినంక గిది గూడ తోముత."

"ఎవలియి?"

"ఒకటి నాది, ఒకటి మా తమ్మునిది. వాడు నడక నేర్వకముందే పోయిండు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మరి నువ్వు తోమింది ఎవలిది?"

ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు అవ్వ లేదు. తమ్ముడి ఒంటిని తాకిన వస్తువంటూ మిగిలింది వాడి పైసా ఒక్కటే. లెక్క వేసుకున్నాను. నేను బడికి పోయేదాకా మొలతాడు కట్టుకున్నాను, వాడు ఏడాది కూడా కట్టుకోలేదు. రెండు చిల్లుల్లోనూ గోరు పెట్టి చూశాను. మెరిసేదాని అంచు తాడు ఒరిసి నున్నగా అరిగింది. నల్లదాని అంచు గోటికి గరుకుగా తగిలింది.

"తోమింది నాదే" అన్నాను.

"అల్లా దయ. ఇగ గా రెండోదాన్ని ముట్టకు."

ఆ నల్ల పైసను తీసుకుని దస్తీతో తుడవబోయి, ఆగి, అలాగే నా అరచేతిలో పెట్టింది. ఇచ్చోడలో దిగిపోయింది.

ఇంటికి చేరేసరికి, బస్సెక్కకముందు నేను ఫోన్లో చెప్పినట్టే, మా ఆవిడ చింతపండు నానబెట్టి ఉంచింది. దానితో ఇత్తడి చెంబు తోమాను.