ఒరిజినల్ మేస్త్రీ జీపు

మా బావని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘ఒరిజినల్ మేస్త్రీ’ అంటారు. పాత మిలిటరీ జీపుల మీద ఆయన చెయ్యి పడితే తిరుగులేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు మెచ్చుకుని పెట్టింది కాదు. ఒక బోల్టు పోతే బజారులో దొరికే బోల్టు బిగించి పంపొచ్చు కదా. అబ్బే, ఆ బండితో పాటు పుట్టిన బోల్టే కావాలి. దాని తల మీద ఫ్యాక్టరీ ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే కన్నతండ్రి దిగొచ్చి చెప్పినా వినడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకమని మా అక్క పెళ్ళయిన మొదటి వారంలోనే కనిపెట్టింది.

నేను వెల్డర్ని. ఆయన షెడ్డుకి ఆనుకునే నా రేకుల కొట్టు. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి కాబట్టి రెండు పూటలా భోజనం అక్క ఇంట్లోనే. బావకి అతుకులు వేసేది నేనే, ఆయన తిట్లు తినేదీ నేనే.

ఆయనకి ఈ పిచ్చి పద్దెనిమిదేళ్ళ వయసులో పట్టింది. అప్పట్లో మిలిటరీ వర్క్‌షాపులో స్పానర్లు అందించే పని చేసేవాడు. ఒకరోజు డ్రైవరుకి జ్వరమొస్తే, ఎండిన వాగులోంచి కొండ మీది క్యాంపు దాకా జీపుని ఈయన చేత నడిపించారట. పదకొండు కిలోమీటర్లు. ముందు అద్దాన్ని మడిచి బానెట్ మీద పడుకోబెట్టారట, గాలి సూటిగా మొహానికి కొట్టిందట, నాలుగు చక్రాలూ రాళ్ళని పట్టుకుని పాకుతుంటే సీటు కిందనుంచి తెలిసిందట. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆయన చెయ్యి గాల్లోనే గేరు మార్చేది. "ఇప్పటివి బళ్ళా? సబ్బు డబ్బాలు" అనేవాడు. ఆ తర్వాత ఆయన చేతికొచ్చిన జీపులన్నీ ఎవరో ఒకరు ఇంజను మార్పించుకున్నవే. వాటిని నడిపి చూసి మొహం చిట్లించుకుని దిగేవాడు. ఇంజనుతో సహా అసలుది ఒక్కటి దొరకాలి, దాన్ని ఇంకొక్కసారి కొండెక్కించాలి. ఆయన బతుక్కి ఉన్న కోరిక అదొక్కటే.

ఆరేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరు అలాంటి జీపుని లారీలో తెచ్చి షెడ్డు ముందు దింపించాడు. దింపిన చోటంతా తుప్పు రాలింది. వాళ్ళ తాతకి ఇలాంటిదే ఉండేదట, చూస్తే చిన్నతనం గుర్తొస్తుందట. "తీరిక చూసుకుని చెయ్యి మేస్త్రీ. అయిపోయిన రోజు మొదట కొండెక్కించేది నువ్వే" అన్నాడు. డబ్బున్నవాళ్ళు అలా అంటూ ఉంటారు. బావ మాత్రం ఆ మాట పట్టుకునే ఆరేళ్ళు బతికాడు.

నిజానికి రెండో ఏడు తిరక్కముందే ఇంజను పనిచేసింది. శుక్రవారం శుక్రవారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి, తల వంచి విని, ఆపేసేవాడు. రోడ్డు మీదకి తియ్యడానికి అడ్డం ఒక్కటే. నాలుగు చక్రాలకీ లాగుడు పంచే గేరుపెట్టెలో ఒక పళ్ళచక్రం అరిగిపోయింది. దానికి సరిపోయేది నేనే వెతికి తెచ్చిచ్చాను. తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు.

"ముద్ర లేదురా."

"పళ్ళు అవే కదా బావా. తిరుగుతుంది కదా."

"తిరుగుతుంది. అప్పుడది ఈ బండి కాదు."

అలా నాలుగేళ్ళు గడిచాయి. నేను తెచ్చిన చక్రం బిగించుకుని ఉంటే ఆ నాలుగేళ్ళలో ఏ రోజైనా కొండెక్కి దిగి వచ్చేవాడు. ఆలస్యం అమృతం విషం అని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన చెవికెక్కితేనా.

అంతటితో ఆగితే నాకేం పోయింది. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరుచుకుని ఆ జీపు సీట్లో కూర్చున్నాను. దాని నేల రేకంతా అతికింది నేను. కళ్ళు మండిపోతుంటే మూడు నెలలు అతికాను. బావ వచ్చి, పదిమంది చూస్తుండగా, కాలరు పట్టి కిందికి లాగాడు. "ఇది తినే చోటా?" అన్నాడు. డబ్బాలోదంతా మట్టిపాలయింది. మర్నాటికి ఆయన ఆ సంగతి మర్చిపోయాడు. నేను మనసులో పెట్టుకున్నాను.

ఈ ఏడు ఎండలు ముదిరే వేళకి ముద్ర ఉన్న చక్రం దొరికింది. రెండు బస్సులు మారి, ఎక్కడో పాత ఇనుము గుట్టలో రోజంతా వెతికి, దాన్ని చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. బుధవారం సాయంత్రానికి బిగించేశాడు. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి అయిపోయిందని చెప్పాడు. "ఇంకేం, ఎక్కు మరి" అన్నాను.

"కొత్తగా వేసిన చక్రం రాత్రంతా నూనెలో నానాలిరా. అప్పుడే బరువు పెట్టాలి. పొద్దున్నే పోతాను."

అదీ ఆయన సొంతంగా పెట్టుకున్న నియమమే. ఏ మేస్త్రీ నోటా నేను వినలేదు.

కాసేపటికే కాంట్రాక్టరు నుంచి నాకు ఫోనొచ్చింది. కొండ కింద కొత్తగా హోటల్ కట్టాడు. జీపుని నడిమికి కోయాలట. ముందు సగం రిసెప్షన్ గోడలోంచి దూసుకొస్తున్నట్టు బిగిస్తారట. వెనక సగానికి మెత్తలు కుట్టించి సోఫా చేస్తారట. జనం ఫొటోలు దిగుతారట. "పొద్దున్నే లారీ వస్తుంది. నువ్వు గ్యాస్ కట్టరు పట్టుకుని వచ్చెయ్. మేస్త్రీకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

బావ పక్క షెడ్డులోనే ఉన్నాడు. గుడ్డతో స్టీరింగు తుడుస్తున్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నూనె గీనె అవతల పారేసి అప్పుడే తాళం తిప్పేవాడు. చెప్పలేదు. భయమూ కాదు, మొహమాటమూ కాదు. రేపు ఈయన మొహం చూడాలి అనుకున్నాను. ఉన్నమాట ఇది.

తెల్లారేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకొచ్చాడు. ఇస్త్రీ చేసింది అక్కే. "ఇవాళైనా ఎక్కి తగలడు" అని దీవించి పంపిందట. అప్పటికే లారీవాళ్ళు జీపుని పలకల మీదుగా పైకి తోసేస్తున్నారు. బావ ఒక్క క్షణం తెల్లబోయాడు. కాంట్రాక్టరు హోటలుకే తీసుకుపోతున్నామని లారీవాళ్ళు చెప్పగానే తేరుకున్నాడు. "హోటలు కొండ కిందే కదా. అక్కణ్ణుంచే ఎక్కిస్తాలే" అన్నాడు. దారి పొడుగునా లారీలో బానెట్ మీద చెయ్యేసి నిలబడే ఉన్నాడు.

హోటలు ముందు దింపాక కాంట్రాక్టరు సంగతి చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు, మంచి కబురే చెబుతున్నాననుకుని. బావ విన్నాడు.

"మరి ఇంజను?"

"తీసెయ్ మేస్త్రీ. అంత బరువు గోడ మొయ్యొద్దూ."

బావ కొండ వైపు చూశాడు. మట్టిరోడ్డు హోటలు వెనకనుంచే మొదలవుతుంది. "ఒక్కసారి పైదాకా పోయి వచ్చేస్తాను. పావుగంట" అన్నాడు.

"నాకేం అభ్యంతరం లేదు. వెల్డరుకి టైముందేమో అడుగు" అని కాంట్రాక్టరు ఫోన్ ఎత్తాడు.

బావ నా వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళలో నన్ను ఆయన ఏదైనా అడగడం అదే మొదలు. "ఏరా, పావుగంట."

నా దగ్గర బోలెడు టైముంది. ఆ రోజు ఇంకో పనే లేదు. "కట్టరు పెట్టే చోట పెట్రోలుండకూడదు బావా. ముందు ట్యాంకు దించెయ్" అన్నాను. మాట తప్పు కాదు. పనిలో ఎవరైనా అదే చెబుతారు.

ట్యాంకు తనే దించాడు. ఇంజను కూడా తనే విప్పాడు, ఒక్క బోల్టు తల చెడకుండా. తర్వాత సుద్దముక్క తీసుకుని గీత గీసి చూపించాడు. "ఇక్కడ కొయ్యి. ఇక్కడ నీ అతుకే ఉంది, తేలిగ్గా తెగుతుంది." నేను కోశాను. వెనక సగం దబ్బున పడి వంకర పోకుండా చివరిదాకా ఆయనే భుజం ఆనించి పట్టుకున్నాడు. నిప్పురవ్వలు పడి ఆ ఇస్త్రీ చొక్కాకి నాలుగైదు చిల్లులు పడ్డాయి. కదల్లేదు.

అప్పుడు చూశాను నేను చూడాలనుకున్న మొహం. చూసి సంతోషపడ్డానా అంటే, కాసేపు పడ్డాను. అబద్ధమెందుకు.

సాయంత్రం అక్క కంచాలు పెట్టి, ఆ చొక్కా చూసి ముక్కున వేలేసుకుంది. తర్వాత అడిగింది.

"ఇంతకీ ఎక్కించావా కొండ?"

బావ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఆ, ఎక్కించాను."

"నిజంగా? నీ మాట నేను నమ్మను."

"వాడూ ఉన్నాడుగా. అడుగు."

అక్క నా వైపు తిరిగింది. బావ తిరగలేదు. తన కంచంలోకి చూసుకుంటూ ముద్ద కలుపుకుంటున్నాడు.

"బాగా లాగిందక్కా" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. ఇద్దరికీ అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించింది.