ఎండకు ఆరని తడి

తొంభైలలో నేను నిజామాబాద్‌లో కెమిస్ట్రీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు ఒక జెల్లు. పిడికెడు గుళికలు వేస్తే బకెట్టు నీళ్లు తాగి ఉబ్బేవి. ఉత్త జెల్లును ఫర్నేస్‌లో పెడితే తొందరగా చెడిపోయేది. బంకమన్ను కలిపింది మాత్రం చాలాసేపు ఓర్చుకునేది. మన్ను పొరలుగా మధ్యలో చేరి వేడిని అడ్డుకుంటుందని మా సారు చెప్పాడు. నా సంబరం ఇంతా అంతా కాదు. మన్నే కదా, మా వేల్పూర్‌లో కావలసినంత!

సెలవుల్లో ఒక డబ్బాడు ఇంటికి పట్టుకుపోయాను. ఎంత ఎండకైనా ఇది చెడదు, తడిని వదలదు అని బాపు ముందు గొప్పలు పోయి, మిరప మడిలో వేసి చూడమన్నాను. మా బిడ్డ చేసిందని బాపు వాకిట్లో పోయేవాళ్లందరినీ పిలిచి చూపించాడు.

మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. మా పసుపు విత్తనం అవ్వది. పెళ్లై వచ్చేటప్పుడు ఏర్గట్లలోని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఏటా పసుపు తవ్వాక మంచి దుంపలు ఏరి, నీడలో కుప్ప పోసి, పసుపు ఆకులు కప్పి, పైన పేడా మన్నూ మెత్తేది. వానలు పడేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నేను జెల్లు తెచ్చే ముందు చలికాలంలోనే అవ్వ పోయింది. మొదటిసారి కుప్ప బాపు చేతికొచ్చింది. ఎండలేమో నిప్పులు చెరుగుతున్నాయి. విత్తనం ఎండిపోతుందని బెంగపడి, నేను కాలేజీకి వెళ్లిపోయాక, జెల్లును నీళ్లలో నానబెట్టి ఆకుల కింద పరిచి మన్ను మెత్తేశాడు. ఆ దుంపలకు కావలసింది చల్లటి నీడ, తడి కాదు.

తొలకరికి నేను ఇంటికొచ్చాక ఇద్దరం మన్ను పెళ్లలు తీశాం. కుళ్లు వాసన గుప్పుమంది. దుంపలు పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయాయి. జెల్లు మాత్రం నిగనిగలాడుతూ అట్లాగే ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది నాకు. పాడు చదువు! విత్తనం కోసం ఏర్గట్లకు మనిషిని పంపితే, మేనమామలు ఆ రకం ఎప్పుడో మానేసి మొక్కజొన్న వేసుకుంటున్నారని తెలిసింది.

బాపు గట్టి దుంప ఒక్కటైనా ఉందేమోనని నొక్కి చూసి చూసి, ఆ కుళ్లునంతా తట్టకెత్తాడు. అప్పుడన్నాడు.

"మీ అవ్వ ఎట్లాగూ దక్కకపాయె. గీ ఇత్తనమన్న దక్కుతదనుకున్న బిడ్డా."

అవ్వ పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.